బీరు తోడు: ఈస్ట్ దాచుకోవడంలో, సామాను సమకూర్చుకోవడంలో నా అనుభవం

మా ఇంటి ఫ్రిజ్‌లో కింది అరలో, పెరుగు గిన్నె పక్కన, మూడు గాజు జాడీలు ఎప్పుడూ ఉంటాయి. ఒక్కొక్క జాడీ అడుగున చిటికెన వేలి మందం కూడా ఉండని మీగడ రంగు మడ్డి, దాని మీద తేటగా లేత గోధుమ రంగు ద్రవం కనిపిస్తాయి. ఆ మడ్డే బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, ఈస్ట్. మూత మీద అంటించిన కాగితం ముక్క మీద ఈస్ట్ రకం, దాచిన తేదీ, అది ఎన్నవ తరం, అంటే ఎన్నవసారి పెంచినది అన్నది రాసి ఉంటుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్‌ను ఆనుకుని ఉన్న బీవర్టన్‌లో నేను ఎనిమిదేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నాను. ఈస్ట్‌ను ఎలా పెంచాలి, ఎలా దాచాలి, ఏ సామాను కొంటే దానికి మేలు జరుగుతుంది, ఏది కొనకపోయినా నష్టం లేదు అన్న ప్రశ్నలతోనే ఈ ఎనిమిదేళ్లూ గడిచాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తెలుగువారు నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఎక్కువగా ఇవే కాబట్టి, నాకు ఎదురైనది ఎదురైనట్టు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడాన్ని అనుమతించే బిల్లు మీద 1978 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు పన్ను లేకుండా కాచుకోవచ్చు, కానీ అమ్మకూడదు. మన తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి ఇక్కడ నేను రాసే పద్ధతులు ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతి ఉన్న చోట ఉండేవారికి మాత్రమే.

బీరు కాచే పని క్లుప్తంగా ఇది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి కషాయాన్ని వడగట్టి, బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే మిగిలిన పనంతా ఈస్ట్ చేస్తుంది. కాచేవారికి ఒక రోజు పని, ఈస్ట్‌కు రెండు వారాల పని. ఈ లెక్క నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను గింజల మీద, హాప్స్ మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా ఈస్ట్ మీద పెట్టలేదు, 11.5 గ్రాముల పొడి ఈస్ట్ పొట్లం చించి పైన చల్లి మూత పెట్టేసేవాణ్ణి. పొడి ఈస్ట్ మంచిదే, మొదటిసారి కాచేవారికి నేను ఇప్పటికీ దాన్నే సూచిస్తాను. కానీ జర్మన్ పద్ధతి గోధుమ బీరులో వచ్చే అరటిపండు, లవంగాల వాసన నాకు కావలసినట్టుగా రావాలంటే ద్రవ ఈస్ట్ తీసుకోవలసి వచ్చింది. అది పొడి ఈస్ట్ కంటే ఖరీదు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. దాచుకోవాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

నా మొదటి ద్రవ ఈస్ట్ పోర్ట్‌లండ్‌లోని స్టెయిన్‌బార్ట్ దుకాణంలో కొన్నాను. 1918లో మొదలైన ఆ దుకాణంలో చెక్క అరల నిండా గింజల డబ్బాలు, గొట్టాలు, మూతలు, రబ్బరు వాషర్లు ఉంటాయి. నేను కొన్నది గోధుమ బీరుది కాదు, వైయీస్ట్ అనే కంపెనీ వారి 1056 రకం. ఆ కంపెనీ ఇక్కడికి గంటన్నర దూరంలోపే, హుడ్ రివర్ లోయలో ఉంది. వారి సంచి లోపల పోషకాలు నింపిన ఇంకొక చిన్న సంచి ఉంటుంది. అరచేతితో గట్టిగా చరిస్తే అది పగిలి ఈస్ట్‌తో కలుస్తుంది, కొన్ని గంటల్లో బయటి సంచి దిండులా ఉబ్బుతుంది. అది ఉబ్బడం చూసి, లోపల ఉన్నది ప్రాణమున్న వస్తువు అన్న సంగతి నాకు మొదటిసారి నిజంగా తట్టింది.

ఆ సంచిలో సుమారు 100 బిలియన్ల, అంటే 10,000 కోట్ల కణాలు ఉంటాయి. కొంచెం వెచ్చగా పులియబెట్టే ఏల్ రకం బీరుకు ప్రతి మిల్లీలీటరుకు, చక్కెర సాంద్రతను కొలిచే ప్లేటో కొలతలో ఒక్కొక్క డిగ్రీకి, 7.5 లక్షల కణాలు కావాలన్నది కాచేవారు వాడే లెక్క. నేను కాచే 19 లీటర్లకు 12 డిగ్రీల సాంద్రత దగ్గర అది 17,000 కోట్లు దాటుతుంది. చల్లగా పులియబెట్టే లాగర్ రకానికైతే దానికి రెట్టింపు. అంటే సంచి నేరుగా పోస్తే సరిపోదు. పైగా తయారైన నాటి నుంచి నెలకు ఐదోవంతు కణాలు చనిపోతాయని లెక్క వేసుకోవడం మంచిది. అందుకే ముందుగా ఒక చిన్న పాత్రలో కొంచెం తీపి కషాయం చేసి, అందులో ఈస్ట్‌ను పెంచి, ఆ తరువాత అసలు బీరులో కలుపుతారు. దీన్నే స్టార్టర్ అంటారు. మన భాషలో దానికి సరిపోయే మాట మన వంటింట్లోనే ఉంది: తోడు.

తోడు చేసే విధానం కష్టమేమీ కాదు. బార్లీ కషాయాన్ని ఎండబెట్టి చేసిన మాల్ట్ పొడిని లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున కలిపి పది పదిహేను నిమిషాలు మరిగించి, చన్నీళ్ల తొట్టిలో పెట్టి చల్లార్చి, ఈస్ట్ పోసి, మూతికి అల్యూమినియం రేకు వదులుగా కప్పి ఒకటి రెండు రోజులు ఉంచాలి. బీరుకు సరిపడిన సాంద్రతలో కాకుండా ఇలా పలచని కషాయంలోనే పెంచడానికి కారణం, ఇక్కడ మనకు కావలసింది ఆల్కహాలు కాదు, కణాల సంఖ్య. గాఢమైన కషాయంలో ఈస్ట్ కష్టపడుతుంది, అలసిపోయిన ఈస్ట్‌తో అసలు బీరు మొదలుపెట్టినట్టు అవుతుంది.

నా మొదటి తోడు పొయ్యి మీదే పోయింది. అడుగు వెడల్పుగా, మెడ సన్నగా ఉండే ప్రయోగశాల ఫ్లాస్కును నెట్‌లో చవకగా కొన్నాను. బోరోసిలికేట్ గాజు అని అమ్మినవారు రాశారు. మా ఇంట్లో అప్పట్లో ఉన్నది చుట్టలు చుట్టిన కరెంటు పొయ్యి. దాని మీద నేరుగా పెట్టి మరిగిస్తుండగా ఎనిమిదో నిమిషంలో టప్‌మన్న చప్పుడుతో అడుగు గుండ్రంగా ఊడిపోయి, లీటరున్నర మరిగే పాకం పొయ్యి మీద, నేల మీద పారింది. నేను రెండడుగుల దూరంలో కూరగాయలు తరుగుతున్నాను కాబట్టి కాళ్లు కాలలేదు. మంచి గాజైనా సరే, కరెంటు చుట్ట వేడి ఒకచోట ఎక్కువగా, ఇంకొకచోట తక్కువగా తగులుతుంది కనుక పగలవచ్చునని తరువాత తెలిసింది. ఆ రోజు నుంచి మామూలు స్టీలు గిన్నెలోనే మరిగించి, మూత పెట్టి చల్లార్చి, ముందే శుద్ధి చేసిన ఫ్లాస్కులోకి గరాటుతో పోస్తున్నాను. ఒక గిన్నె ఎక్కువ కడగవలసి వస్తుంది, అంతే. దయచేసి ఎవరూ గాజును నేరుగా మంట మీద పెట్టవద్దు.

పాత్రలో ఈస్ట్ అడుగున పేరుకోకుండా కదులుతూ ఉంటే కణాలు బాగా పెరుగుతాయి. దీనికి ప్రయోగశాలల్లో వాడే అయస్కాంతపు కదుపుడు పళ్లెం ఉంటుంది. కొత్తది కొనకుండా నేనే చేసుకున్నాను. ఆఫీసులో పారేయబోతున్న కంప్యూటర్ నుంచి ఒక ఫ్యాను, పాడైన హార్డ్ డిస్కు నుంచి రెండు అయస్కాంతాలు తీసి, ఫ్యాను మధ్యలో సమతూకంగా అతికించి, ఒక చెక్క పెట్టెలో బిగించాను. పాత ఫోను ఛార్జరుకు వేగం తగ్గించే మీట ఒకటి కలిపాను. పెట్టె మీద ఫ్లాస్కు, ఫ్లాస్కులో రెండంగుళాల తెల్లని అయస్కాంతపు పుల్ల. ఫ్యాను తిరిగితే పుల్ల తిరుగుతుంది, కషాయం మధ్యలో సుడి ఏర్పడుతుంది. మొదట వేగం ఎక్కువ పెడితే పుల్ల ఎగిరి గోడకు కొట్టుకునేది. అయస్కాంతాల మధ్య దూరాన్ని పుల్ల పొడవుకు సరిగ్గా సర్దాక ఆ బాధ తప్పింది. అంత పెద్ద సుడి అవసరం లేదు, పైన చిన్న గుంట పడితే చాలు. ఆరేళ్లుగా అదే పెట్టె పని చేస్తోంది.

ఇక దాచుకోవడం. మొదట్లో నేను బీరు పులిసిన తరువాత పాత్ర అడుగున మిగిలే మడ్డిని దాచేవాణ్ణి. అందులో ఈస్ట్‌తో పాటు హాప్స్ పిప్పి, గింజల నుంచి వచ్చిన మాంసకృత్తుల ముద్ద, చచ్చిన కణాలు అన్నీ కలిసి ఉంటాయి. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, కలిపి, బరువైన చెత్త కిందకు దిగాక పైన తేలిన తెల్లని భాగాన్ని వేరే జాడీలోకి ఒంపడం చాలామంది పాటించే పద్ధతి. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. కానీ ఎంతసేపు ఒంపినా అందులో ఈస్ట్ ఎంత, చెత్త ఎంత అన్నది కంటికి తెలియదు, జాడీ మార్చిన ప్రతిసారీ బయటి సూక్ష్మజీవులు దూరే అవకాశం పెరుగుతుంది. పైగా నీళ్లలో కంటే తాను పులియబెట్టిన బీరు కిందే ఈస్ట్ క్షేమంగా ఉంటుంది. ఆ ద్రవంలో ఆమ్లం, ఆల్కహాలు ఉండడం వల్ల చాలా రకాల చెడు బ్యాక్టీరియాకు అక్కడ చోటు దొరకదు.

చివరికి నేను స్థిరపడిన పద్ధతి మా అమ్మ పెరుగు పద్ధతే. పెరుగంతా తినేశాక గిన్నె గోకి తోడు తీయడం మన ఇళ్లలో ఎవరూ చేయరు. గిన్నెలో గరిటె పెట్టకముందే రేపటికి ఒక చెంచా పక్కకు తీస్తారు. ఈస్ట్ విషయంలోనూ అంతే. బీరుకు కావలసినదాని కంటే పెద్ద తోడు పెట్టి, అందులో ఒక వంతు ముందుగానే తీసి దాచుకోవాలి. లీటరున్నర తోడు కదుపుడు పళ్లెం మీద పెరిగితే కణాల సంఖ్య 30,000 కోట్లకు అటూ ఇటుగా చేరుతుంది. ఫ్లాస్కును బాగా కుదిపి, అందులో మూడోవంతు, అంటే అర లీటరు, శుద్ధి చేసిన లీటరు జాడీలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. మిగిలిన లీటరును ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచి, పైన తేరిన ద్రవాన్ని పారబోసి, అడుగు ఈస్ట్‌ను బీరులో కలుపుతాను. దాచిన ఈస్ట్ హాప్స్ ముఖం చూడదు, ఘాటైన బీరులో నలగదు, అందులో చెత్త ఉండదు.

జాడీ గురించి రెండు మాటలు. వేడి నీళ్లతో, వాసన లేని సబ్బుతో కడిగి, తరువాత స్టార్ శాన్ అనే ఆమ్ల ద్రావణంతో తడపాలి. 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు చాలు, దాని నురగను కడిగేయనవసరం లేదు. ఒకసారి ఆవకాయ వేసిన సీసాను ఎన్నిసార్లు కడిగి వాడినా మూత లోపలి పూతలో ఆవపిండి వాసన పోలేదు, ఆ ఈస్ట్‌ను పారేశాను. ఇంకొకసారి ఇంతకంటే పెద్ద పొరపాటు జరిగింది. ఇంకా పూర్తిగా పులియని తోడును జాడీలో పోసి, గాలి చొరకూడదని మూత బలంగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లదనంలోనూ ఈస్ట్ నెమ్మదిగా పని చేస్తూనే ఉంటుంది. తొమ్మిదో రోజు రాత్రి జాడీ పగిలి కింది అరలోని కూరగాయల నిండా గాజు పెంకులు పడ్డాయి. అరంతా ఖాళీ చేసి, అందులో ఉన్న ప్రతి కూరగాయనూ పారేశాను, ఎందుకంటే పాలకూర మడతల్లో గాజు నలుసు ఉందో లేదో చెప్పలేము. అప్పటి నుంచి మొదటి వారమంతా మూతను వదులుగా ఉంచి, ఈస్ట్ పూర్తిగా అడుగుకు దిగాకే బిగిస్తున్నాను. జాడీలో పైన సగం ఖాళీ వదలడం కూడా అప్పుడే అలవాటు చేసుకున్నాను.

సూర్యాపేట నుంచి మా అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చినప్పుడు ఈ జాడీలను చూసి మొదట ఇబ్బంది పడింది, తరువాత ఆసక్తిగా అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను నెలరోజుల నాటి జాడీ తీసి నేరుగా కొత్త కషాయంలో పోయబోతుంటే చేయి పట్టుకుని ఆపింది. "పులిసిన పెరుగుతోని తోడేస్తే కొత్త పాలు గూడ పుల్లగనే తోడుకుంటయి బిడ్డా. తోడును ముందు రుచి జూడాలె." జాడీ పైన తేరిన ద్రవాన్ని పారబోసే ముందు ఒక చెంచా రుచి చూడాలన్నది అనుభవమున్న కాచేవారు పాటించే నియమమే, నేనే బద్ధకించేవాణ్ణి. ఆ రోజు చూశాను. మామూలుగా అది చప్పబడిన పలచని బీరులా, రొట్టె వాసనతో ఉండాలి. ఇది నాలుక అంచున చింతపండు తగిలినట్టు పుల్లగా ఉంది. ఆ జాడీని పారబోశాను. కలిపి ఉంటే 19 లీటర్ల బీరు, ఒక శనివారం, 40 డాలర్ల సరుకు పోయేవి. అప్పటి నుంచి వాసన, రుచి, రంగు మూడూ చూడకుండా ఏ జాడీనీ వాడలేదు. మీగడ రంగు మంచిది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాంసం ఉడికిన నీళ్ల వాసన వస్తే కణాలు చచ్చి కరిగిపోతున్నాయని అర్థం.

మా అమ్మతో మాట్లాడుతుంటే కల్లు ప్రస్తావన వచ్చింది. మా ఊళ్లో గౌడలు తాటిచెట్టుకు కట్టే లొట్టిలో నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ అంటుకుని ఉండడం వల్లే కొత్తగా దిగిన నీరు అంత త్వరగా పులుస్తుంది. పులవకుండా నీరాగా ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. అంటే ఈస్ట్‌ను పాత్రలో దాచుకోవడమూ, వద్దనుకున్నప్పుడు దాన్ని ఆపడమూ ఆ వృత్తివారికి తరతరాలుగా తెలిసిన విద్యలే. నేను ఆమ్ల ద్రావణంతో, గాజు జాడీతో చేస్తున్నదానికి మా ఊరి చెట్ల మీద ఎప్పటి నుంచో ఒక రూపం ఉందని తెలియడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

జాడీలో ఈస్ట్ మూడు నాలుగు నెలలు నమ్మకంగా ఉంటుంది, ఆరు నెలలకు కూడా మెల్లగా మేల్కొలపవచ్చు. కానీ ఒకే ఈస్ట్‌ను తరం తరువాత తరం లాగుతూ పోతే గుణం మారుతుంది, కనపడని కల్తీ చేరుతుంది. నేను ఐదు తరాలకు మించి పోను. అందుకని ఇష్టమైన నాలుగు రకాలకు మూలం ఒకటి వేరుగా దాచుకోవాలనుకున్నాను. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపించారు. కంపెనీ ఆ పద్ధతిని దాచుకోకుండా లోకానికి పంచింది. ఇంట్లో గాజు గొట్టాల్లో, మాల్ట్ కలిపిన అగర్ జెల్లీ మీద ఈస్ట్‌ను గీతగా గీసి పెంచి దాచడం ఆ విద్యకు చిన్న రూపం. గొట్టాలను శుద్ధి చేయడానికి సూర్యాపేట నుంచి తెచ్చుకున్న విజిల్ కుక్కరే వాడుతున్నాను. దానిలో ఒత్తిడి సుమారు 15 పీఎస్‌ఐ, ఉష్ణోగ్రత 121 డిగ్రీల దాకా చేరుతుంది. చిన్న గొట్టాలకు ఇరవై నిమిషాలు సరిపోతాయి. అయితే ఒక హెచ్చరిక చేయాలి. తీపి కషాయాన్ని సీసాల్లో మూసి గది ఉష్ణోగ్రతలో నెలల తరబడి నిలవ చేయాలనుకునేవారు ఉత్త మరుగు నీళ్లలో ఉడికించి ఊరుకోకూడదు. కషాయంలో తగినంత ఆమ్లం ఉండదు కనుక బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంటుంది. ఆ పనికి ఒత్తిడి కొలిచే ముల్లు ఉన్న పెద్ద క్యానింగ్ కుక్కరే కావాలి. విజిల్ పడిన ప్రతిసారీ ఒత్తిడి ఎక్కి దిగే మన వంట కుక్కర్ల మీద అంత భారం వేయలేము. నేను అసలు కషాయం నిలవ చేయను, ఎప్పటికప్పుడు కాచుకుంటాను.

గ్లిజరిన్ కలిపి గడ్డకట్టించడం ఇంకొక మార్గం. మొత్తంలో నాలుగోవంతు గ్లిజరిన్ ఉంటే మంచు ముక్కలు కణాల గోడలను చీల్చవు. ఇబ్బంది ఫ్రీజర్‌తోనే వస్తుంది. మంచు పేరుకోకుండా తానే కరిగించుకునే ఇప్పటి ఫ్రీజర్లు రోజులో అప్పుడప్పుడు కొంచెం వేడెక్కుతాయి, ఆ ఎక్కి దిగడం ఈస్ట్‌ను చంపుతుంది. గొట్టాలను థర్మాకోల్ డబ్బాలో మంచు సంచుల మధ్య పెట్టి ఆ సమస్యను చాలావరకు దాటాను. ఏడాదిన్నర తరువాత తీసిన గొట్టం నుంచి కూడా మొలక వచ్చింది. మొదట 10 మిల్లీలీటర్లు, తరువాత 100, ఆ తరువాత లీటరు, ఇలా మెట్లు మెట్లుగా పెంచుకుంటూ రావాలి. వారం పడుతుంది.

సామాను విషయానికి వస్తే, నేను డబ్బు తప్పుడు వరుసలో ఖర్చుపెట్టాను. మొదట మెరిసే పెద్ద స్టీలు పాత్ర కొన్నాను, ఆ తరువాత ఎంతో కాలానికి గాని ఉష్ణోగ్రత అదుపు చేసే ఏర్పాటు చేసుకోలేదు. అది తలకిందులుగా జరగాల్సింది. ఎండాకాలం మా గ్యారేజీ 30 డిగ్రీలు దాటుతుంది. 1056 రకానికి 18 నుంచి 20 మధ్య కావాలి. వేడిలో పులిసిన బీరు ఎంత ఖరీదైన పాత్రలో కాచినా ఘాటుగా, తల పట్టేసేలా ఉంటుంది. ఇంటి సామాను ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర 50 డాలర్లకు పాత పెట్టె ఫ్రీజర్ కొని, దానికి వేడి, చలి రెండింటికీ వేరు వేరు ప్లగ్గులున్న ఉష్ణోగ్రత నియంత్రణ పరికరం తగిలించాను. దాని కొసను బీరు పాత్రకు ఆనించి పైన ఫోమ్ ముక్కతో కప్పితే లోపలి గాలి వేడిని కాక బీరు వేడిని చూస్తుంది. నా బీరులో అతి పెద్ద మార్పు ఆ వారమే వచ్చింది.

పాత సామాను వెతకడానికి మంచి కాలం నవంబరు చివరలో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి వారాలు. టర్కీ కోడిని నూనెలో వేయించడానికి కొన్న గ్యాసు బర్నర్లను చాలామంది ఒకసారి వాడి అమ్మేస్తారు. 20 లీటర్ల కషాయాన్ని మరిగించడానికి అవి చక్కగా పనికొస్తాయి, ఆరుబయట మాత్రమే. కషాయాన్ని చల్లార్చే రాగి చుట్టను నేనే చేసుకున్నాను: ఇనుప సామాను దుకాణంలో 50 అడుగుల మెత్తని రాగి గొట్టం కొని, ఒక కుండ చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ చుడితే సరిపోతుంది, తొందరపడితే నొక్కుకుపోతుంది. సాంద్రత కొలిచే గాజు పరికరం మన పాలకేంద్రాల్లో పాలు కొలిచే లాక్టోమీటరుకు అన్నదమ్ముడు. ఖరీదు తక్కువ, సులువుగా పగులుతుంది, రెండు కొనుక్కోవాలి. పెద్ద గాజు కార్బాయ్ సీసాలు చవకగా దొరుకుతాయి, కానీ వాటిని నేను ఎవరికీ సూచించను. 19 లీటర్ల తడి గాజు చేతి నుంచి జారితే నరాలు తెగేంత గాయాలవుతాయి. నావి ప్లాస్టిక్ పాత్రలే.

తయారైన బీరును నింపి ఉంచే పీపాలు, అంటే కెగ్గుల దగ్గర నేను నష్టపోయాను. ఒకప్పుడు శీతల పానీయాల కంపెనీలు వాడిన 19 లీటర్ల కార్నీలియస్ స్టీలు కెగ్గులు, ఆ కంపెనీలు సంచుల్లో పాకం పంపే పద్ధతికి మారాక, ఇంట్లో బీరు కాచేవారి చేతికి వచ్చాయి. ఒకాయన దగ్గర మూడు కెగ్గులు, ఒక కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండరు కలిపి కొన్నాను. ఇంటికి తెచ్చాక చూస్తే రెండు కెగ్గులకు బాల్ లాక్, ఒకదానికి పిన్ లాక్. వాటి గొట్టాల మూతులు ఒకదానివి ఇంకొకదానికి పట్టవు. సిలిండరు భుజం మీద కొట్టిన పరీక్ష తేదీ ఐదేళ్లు దాటిపోయింది, కనుక నింపే దుకాణం దాన్ని తీసుకోలేదు; మళ్లీ ఒత్తిడి పరీక్ష చేయించడానికి విడిగా డబ్బు కట్టాను. ఒక కెగ్గు మూత నుంచి రాత్రికి రాత్రి గ్యాసంతా పోయింది. కొనేముందు సిలిండరు తేదీ చదవడం, కెగ్గులో ఒత్తిడి నింపి సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు అమ్మేవారి ఎదుటే వెచ్చించాలి. పాత కెగ్గుల రబ్బరు వలయాలు ఐదింటినీ మార్చేయాలి, లేకపోతే ఎప్పటిదో పానీయం వాసన బీరులోకి వస్తుంది. బార్లలో వాడే పెద్ద కెగ్గులను మాత్రం ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోకూడదు. డిపాజిట్ కట్టినంత మాత్రాన అవి మనవి కావు, బీరు కంపెనీవే.

గత నెలలో ఐదు నెలల నాటి 1056 జాడీ ఒకటి తీశాను. పైన ద్రవం తేటగా ఉంది. చెంచా రుచి చూశాను: పలచగా, చప్పగా, రొట్టె వాసనతో ఉంది. కణాల్లో మూడింట ఒక వంతే బతికి ఉంటాయని లెక్కవేసి, మొదట అర లీటరు కషాయంలో మేల్కొలిపాను. పద్నాలుగు గంటల దాకా ఏమీ కనపడలేదు, తరువాత ఫ్లాస్కు గోడల మీద సన్నని నురగ గీత వచ్చింది. మర్నాడు లీటరున్నరకు పెంచాను. శనివారం ఉదయం గింజలు నానబెట్టి, సాయంత్రం నాలుగింటికి 19 డిగ్రీల కషాయంలో ఈస్ట్ కలిపాను. ఆదివారం తెల్లవారి గ్యారేజీ తలుపు తీసేసరికి పెట్టె ఫ్రీజర్‌లో నుంచి గాలి బుడగలు నీళ్లలో వరుసగా పగులుతున్న చప్పుడు వినిపించింది. అంతకు ముందు గురువారమే తీసి ఉంచిన అర లీటరు జాడీ మీద పాత కాగితం గీకేసి కొత్తది అంటించాను. 1056, నాలుగో తరం, తేదీ. మూత వదులుగా పెట్టి, పెరుగు గిన్నెను కొంచెం జరిపి, దాన్ని తన చోట పెట్టాను.